పాదానికి సొంతం, మంచుకు అద్దె

బెంగళూరు తెలుగువాళ్లకు స్కీయింగ్ సెలవు సంక్రాంతికి కుదరదు. సంక్రాంతికి ఊరు వెళ్లాలి, అరిసెలు తినాలి, డబ్బాలు నింపుకుని మళ్లీ మారతహళ్లి చేరాలి. అందుకే గుల్‌మార్గ్ ప్రయాణం చాలామందికి జనవరి 26 చుట్టూ దొరికే సెలవుల్లోనో, ఫిబ్రవరిలోనో పడుతుంది. ఒకరకంగా అది మంచిదే. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు కశ్మీర్‌ను గడ్డకట్టించే చిల్లై కలాన్ అప్పటికి ముగింపుకు వస్తుంది, మామూలు ఏడాదిలో అయితే వాలుల మీద మంచు బాగా పేరుకుని ఉంటుంది. టికెట్లు తీసుకున్న రోజు నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ బృందంలో తిరిగే ప్రశ్న మాత్రం ఒకటే. ఏమేం కొనాలి?

జవాబులు ఎప్పుడూ ఫొటోలో కనిపించే వరుసలోనే వస్తాయి. ముందు జాకెట్, ఆ తర్వాత గాగుల్స్, ఉత్సాహం మరీ పొంగితే స్కీలు. ఫొటోలో మంచులో కూరుకుపోయి కనిపించని బూటు చివరికి మిగులుతుంది. దాన్ని కూడా "అక్కడ అద్దెకిస్తారుగా" అని కొట్టిపారేస్తారు. నిజానికి అవసరం వరుస దీనికి పూర్తిగా తలకిందులు. ఏడాదికి ఐదారు రోజులు మాత్రమే స్కీ చేసే మనిషికి ఒంటిని అంటిపెట్టుకుని ఉండేవి సొంతం కావాలి, మంచును తాకేవి అద్దెవి అయినా చాలు. డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు పాదం.

ముందు బరువు సంగతి. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు అనుమతించే చెక్‌ఇన్ సామాను సాధారణంగా 15 కిలోలు. బూటును పట్టి ఉంచే బైండింగులతో కలిపి ఒక జత స్కీలు ఐదారు కిలోలు తూగుతాయి. బూట్ల జత నాలుగు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. పోల్స్ అనే చేతికర్రలు, హెల్మెట్, వాటిని మోసే సంచి కూడా కలిస్తే చలిబట్టలకు చోటే మిగలదు. మనిషంత పొడవున్న ఆ సంచిని విమానాశ్రయానికి వెళ్లే క్యాబ్‌లో ఇరికించడం వేరే ప్రహసనం. బూట్లకు ఆ బాధ లేదు. పెట్టెలో రెండు మూలల్లో కూర్చుంటాయి, వాటి కడుపులో సాక్సులు, చేతి తొడుగులు కుక్కుకోవచ్చు.

బరువును మించిన కారణం ఇంకొకటి ఉంది. ఏ స్కీ మంచిదన్నది ఆనాటి మంచును బట్టి, ఆ మనిషికి వచ్చిన విద్యను బట్టి తేలుతుంది. ఆ రెండూ మారుతూనే ఉంటాయి. మొదటి ఏడాది ఒద్దికగా మాట విన్న పొట్టి స్కీ, మూడో ఏడాది కాస్త వేగం పెంచగానే వణకడం మొదలుపెడుతుంది. పాదం అలా కాదు. ముప్పై దాటిన మనిషి పాదం ఐదారేళ్లలో పెద్దగా మారదు. కాబట్టి పాదానికి కుదిరిన బూటు ఎన్ని స్కీలు మారినా పనికొస్తుంది.

ఇంకా మంచు మీద కాలే పెట్టనివాళ్లకు మాత్రం ఈ సలహా వర్తించదు. మొదటి ప్రయాణానికి బూట్లు కొనడం కూడా ఆలు లేదు చూలు లేదు అన్న సామెత కిందికే వస్తుంది. మొదటిసారి అంతా అద్దెకే తీసుకోవాలి. లేదంటే గుల్‌మార్గ్‌లోని భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థలోనో, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థలోనో శిక్షణకు చేరాలి. రెండో ప్రయాణం కూడా ముగిసి, మూడోసారి వెళ్లాలని మనసు పీకుతుంటే అప్పుడు బూటు గురించి ఆలోచించడం న్యాయం.

స్కీ బూటు పైకి ప్లాస్టిక్ డబ్బాలా కనిపిస్తుంది. బయట గట్టి షెల్, లోపల మెత్తటి లైనర్. దాని పని పాదాన్ని వెచ్చగా ఉంచడం ఒక్కటే అయితే గొడవే లేదు. అసలు పని వేరు. మోకాలు ముందుకు వంచి, ముంగాలి ఎముకతో బూటు నాలుకను నొక్కితే ఆ ఒత్తిడి స్కీ ముందు భాగానికి చేరాలి. చీలమండ కొద్దిగా పక్కకు ఒరిగితే స్కీ అంచు మంచులో దిగాలి. పాదానికీ షెల్‌కూ మధ్య ఖాళీ ఉంటే ఈ ఆజ్ఞలు ఆలస్యంగా వెళతాయి, సగం దారిలోనే ఆగిపోతాయి. ఇరుసు దగ్గర వదులైన చక్రంతో బండి తోలినట్టు ఉంటుంది. "నాకు మలుపు రావడం లేదు" అని నిరాశపడే కొత్తవాళ్లలో చాలామందికి లోపం కాళ్లలో ఉండదు, ఒక సైజు పెద్దదైన అద్దె బూటులో ఉంటుంది.

ఆ ఒక సైజు ఎలా పెరుగుతుందో గమనించాలి. మనం రోజూ వాడే షూలను బ్రిటన్ నంబర్లలో కొంటాం. పరుగు షూ అయితే బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉంచుకుని మరీ కొంటాం. స్కీ బూట్ల కొలతకు మోండో అని పేరు. అది పాదం పొడవును సెంటీమీటర్లలో సూటిగా చెబుతుంది. 26.5 అంటే 265 మిల్లీమీటర్ల పాదం. కౌంటర్ దగ్గర "నాది తొమ్మిది" అని చెప్పగానే ఆ తొమ్మిదిలో ఉన్న ఖాళీ కూడా బూటులోకి చేరిపోతుంది. దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది. సాయంత్రం పూట, పాదాలు రోజంతా తిరిగి కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడాలి. బరువంతా ఆ కాలి మీదే వేయాలి. అన్నిటికన్నా పొడుగు వేలి కొసన గీత గీసి, గోడ నుంచి ఆ గీత వరకు మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు పాదాలూ కొలవాలి, ఎందుకంటే అవి ఒకేలా ఉండటం అరుదు. ఆ అంకె ఫోనులో రాసి పెట్టుకుంటే కౌంటర్ దగ్గర షూ నంబరు చెప్పే అవసరమే రాదు.

అర సైజుల గురించి ఒక రహస్యం. చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ షెల్ ఒకటే. లోపలి అట్ట మందంలోనో లైనర్‌లోనో మాత్రమే కొద్ది తేడా ఉంటుంది. అందుకే అర సైజు కోసం దుకాణంలో గంటసేపు మథనపడటం వృథా. దానికి బదులు లైనర్ పూర్తిగా బయటికి లాగేసి, ఉత్త షెల్‌లో కాలు పెట్టి చూడాలి. వేళ్లు ముందు గోడను తాకేదాకా పాదాన్ని జరిపి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చేతి వేళ్లతో చూసుకోవాలి. ఒక వేలికి కాస్త ఎక్కువ, అంటే సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే సరదాగా స్కీ చేసేవాళ్లకు సరిపోతుంది. రెండు వేళ్లు దాటి ఖాళీ ఉంటే ఆ బూటు ఎంత సుఖంగా అనిపించినా పక్కన పెట్టేయాలి.

సుఖం అన్న మాట దగ్గరే కొనేవాళ్లు మోసపోతారు. కొత్త బూటు తొడిగి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకుతాయి. చాలామంది అక్కడే "చిన్నదైంది" అని విప్పేస్తారు. మోకాళ్లు వంచి ముంగాలిని ముందుకు ఆనిస్తే మడమ వెనక్కి సర్దుకుంటుంది, వేళ్లు గోడను వదిలేస్తాయి. అదే సరైన కొలత. పైగా కొత్త లైనర్ వాడేకొద్దీ అణుగుతుంది. దుకాణంలో చెప్పులా హాయిగా ఉన్న బూటు పదిహేను రోజుల వాడకం తర్వాత వదులవుతుంది. బెంగళూరు లెక్కలో పదిహేను రోజులంటే మూడు శీతాకాలాలు. అంటే తప్పు కొన్నామని తెలిసేసరికి మార్చుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

వెడల్పు వేరే కథ. 98 మిల్లీమీటర్లు ఇరుకు, 100 మధ్యస్థం, 102 ఆపైన విశాలం అని స్థూలంగా అనుకోవచ్చు. ఇది వేళ్ల మొదట్లో షెల్ వెడల్పు. సాధారణంగా 26.5 సైజు బూటుకు చెప్పే లెక్క కాబట్టి సైజు మారితే అంకె కూడా కొంత మారుతుంది. ఇంట్లో ఉత్త కాళ్లతో, బయట చెప్పులతో పెరిగిన పాదాలు వేళ్ల దగ్గర విచ్చుకుని ఉండటం మామూలే. అలాంటి పాదాన్ని ఇరుకు బూటులో పెడితే పక్కల కరుస్తుంది. అప్పుడు చేసే పొరపాటు ఏమిటంటే, వెడల్పు చాలక పొడవు పెంచుకోవడం. వేళ్లకు చోటు దొరుకుతుంది కానీ మడమ పైకి లేస్తుంది, బూటు బిగించడానికి బకిళ్లను చివరి పంటి దాకా లాగాల్సి వస్తుంది, రక్తం ఆడక పాదం మొద్దుబారుతుంది. పొడవు సరైనదే ఉంచి, వెడల్పు మోడల్ వెతకాలి. ఇంకా ఒకచోట నొక్కుతుంటే షెల్‌ను వేడిచేసి ఆ చోట ఉబ్బించే పనివాళ్లు స్కీయింగ్ ఊళ్లలో ఉంటారు. ఆఫీసు పని మీద మ్యూనిక్, జ్యూరిక్, సియాటిల్ వైపు వెళ్లే బెంగళూరు ఉద్యోగులకు ఇది చక్కటి అవకాశం. వారాంతంలో ఒక పూట ఇలాంటి దుకాణంలో గడిపితే, ఆన్‌లైన్‌లో తగ్గింపు ధర చూసి కొన్నదానికన్నా మేలైన జత దొరుకుతుంది.

ఫ్లెక్స్ అని ఇంకో అంకె బూటు పక్కన రాసి ఉంటుంది. ముందుకు వంగడానికి బూటు ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే అంకె అది. 60 నుంచి 80 మధ్య కొత్తవాళ్లకు, 90 నుంచి 110 మధ్య కొంత చేయి తిరిగినవాళ్లకు, 120 దాటితే వేగంగా వెళ్లే నిపుణులకు అని వాడుక. కంపెనీలన్నీ ఒకే కొలతతో ఈ అంకె వేయవు కాబట్టి ఒకరి 100 ఇంకొకరి 90 కావచ్చు. బెంగళూరు కొనుగోలుదారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది వేరే ఉంది. చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది. ఇరవై అయిదు డిగ్రీల గదిలో హాయిగా వంగిన బూటు, సున్నాకు పది డిగ్రీల కింద గొండోలా (కేబుల్ కారు) దిగేసరికి కొయ్యలా మారుతుంది. అందుకే ఇంట్లో "ఇంకాస్త గట్టిది తీసుకోవాల్సింది" అనిపిస్తే అది సరైన బూటే అయ్యే అవకాశం ఎక్కువ.

కొన్న తర్వాత ఒక సాయంత్రం క్రికెట్ మ్యాచ్ చూస్తూ గంటసేపు తొడుక్కుని కూర్చోవాలి, మధ్యమధ్యలో లేచి మోకాళ్లు వంచాలి. అంతటా సమానంగా పట్టినట్టుంటే మంచిది. ఒకే బిందువులో సూది పొడిచినట్టుంటే, వేళ్లు తిమ్మిరెక్కితే మార్చుకోవాలి. కింది ఫ్లాటువాళ్లకు ముందుగా ఒక మాట చెప్పి నడవడం మర్యాద.

తొడిగే పద్ధతి కూడా బూటులో భాగమే. బకిళ్లన్నీ విప్పి, నాలుకను బాగా ముందుకు లాగి, కాలు దించాక మడమను రెండుసార్లు నేలకు తట్టాలి. పైన పిక్క దగ్గరి బకిళ్లు ముందు తగిలిస్తే మడమ దాని గూట్లో కూర్చుంటుంది. వేళ్ల మీద ఉండే చివరి బకిల్ ఊడిపోకుండా ఉంటే చాలు, దాన్ని బిగిస్తే పాదం గడ్డకట్టడం తప్ప లాభం లేదు. బూటు లోపలికి వెళ్లాల్సింది ఒక్క పలుచటి సాక్సు మాత్రమే. చలి భయంతో రెండు ఉన్ని సాక్సులు వేసుకునే కుటుంబాలు ప్రతి ఏటా కనిపిస్తాయి, సాయంత్రానికి వాళ్ల వేళ్లే ముందు చల్లబడతాయి. సాక్సు మడతా, థర్మల్ ప్యాంటు అంచూ ముంగాలి ఎముకకూ బూటు నాలుకకూ మధ్య ఇరుక్కుంటే, మధ్యాహ్నానికి అక్కడ ఎర్రటి గాడి పడుతుంది. థర్మల్ ప్యాంటును బూటు పైనే ఆపేయాలి.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మీద ఎవరి దృష్టీ పడదు. కాలు విరిగేదీ దక్కేదీ చాలాసార్లు దాని చేతిలోనే ఉంటుంది. నార్వేలో పుట్టి అమెరికాలోని ఓరెగాన్‌లో స్థిరపడిన హ్యల్మార్ హ్వామ్ అనే స్కీయర్ 1930ల చివర్లో తన కాలు విరగ్గొట్టుకున్న తర్వాత, పడినప్పుడు బూటును వదిలేసే బైండింగ్‌ను తయారుచేశాడు. అంతకుముందు బూటును స్కీకి కట్టేసేవారు. మనిషి పడితే కాలు స్కీతో పాటు మెలిపడేది. ఇప్పటి బైండింగ్ చేసే పని రెండు విరుద్ధమైన మాటలను ఒకేసారి నిలబెట్టుకోవడం. మామూలు కుదుపులకు వదలకూడదు, ఎముకకు ప్రమాదం వచ్చేంత మెలికకు తప్పక వదలాలి. ముందు భాగం పక్కకు తిరిగే ఒత్తిడికి, వెనక భాగం ముందుకు పడే ఒత్తిడికి తెరుచుకుంటాయి.

ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది బైండింగ్ మీది చిన్న కిటికీలో కనిపించే అంకె చెబుతుంది. దాన్ని డిన్ అంకె అంటారు. ఆ అంకెను ఊహతో పెట్టరు. మనిషి బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరు, బూటు అడుగు పొడవు, ఈ అయిదింటిని బట్టి అంతర్జాతీయ ప్రమాణ పట్టికలో చూసి పెడతారు. అడుగు పొడవు బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది, 305 అనో 315 అనో. పొడుగు బూటు పొడుగు మీటలా పనిచేస్తుంది కాబట్టి అదే ఎముకను కాపాడటానికి అంకె తగ్గాలి. యాభై నిండినవాళ్లకు పట్టికలో ఒక మెట్టు తగ్గించి చూస్తారు. స్కీ చేసే తీరును మూడు రకాలుగా అడుగుతారు. జాగ్రత్తగా నెమ్మదిగా వెళ్లేవాళ్లు మొదటి రకం, దూకుడుగా వెళ్లేవాళ్లు మూడో రకం, మధ్యవాళ్లు రెండో రకం.

ఇక్కడ అబద్ధం చెప్పకూడదు. పరువు కోసం బరువు ఆరు కిలోలు తగ్గించి చెప్పినా, మూడో ఏడాది స్కీయర్‌నని గొప్పకు మూడో రకం అన్నా ఆ పొరపాటు స్ప్రింగులోకి వెళుతుంది. తక్కువ పెడితే మలుపు మధ్యలో స్కీ ఊడిపోతుంది, ఎక్కువ పెడితే పడినప్పుడు ఊడదు. వరుసలో ముందు నిలబడ్డ లావుపాటి మనిషి తిరిగిచ్చిన స్కీలు తర్వాతి సన్నటి అమ్మాయికి అలాగే అందడం రద్దీ రోజుల్లో జరగని విషయం కాదు. అందుకే స్కీ చేతికి రాగానే నాలుగు కిటికీలూ, అంటే రెండు స్కీల ముందూ వెనకా, కళ్లతో చూసుకోవాలి. బూటు పెట్టి మడమ నొక్కినప్పుడు ఖణ్‌మని మూసుకోవాలి. బూటు అడుగున అంటుకున్న మంచు ముద్దను ప్రతిసారీ పోల్ కొసతో గీకేయాలి. ముద్ద మీద బిగించిన బైండింగ్‌కు ఏ అంకె పెట్టినా అది నమ్మదగ్గది కాదు.

ఒక పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఇలాంటి బైండింగులు వచ్చాక పిక్క ఎముక విరగడాలు బాగా తగ్గాయి. మోకాలి లోపలి లిగమెంటు తెగడం మాత్రం అలా తగ్గలేదు. వెనక్కి కూలబడుతూ మోకాలు మెలిపడే తీరును మామూలు బైండింగ్ సరిగా పసిగట్టలేదు. పడిపోతున్నప్పుడు లేవడానికి పెనుగులాడకుండా పక్కకు ఒరిగి పడటం నేర్చుకోవడమే దానికి మందు.

సొంత బూటు కొనేవాళ్లకు బైండింగ్ దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. విదేశాల్లో ఇప్పుడు అమ్మే బూట్లలో చాలావాటికి గ్రిప్‌వాక్ అడుగు ఉంటుంది. నడవడానికి వీలుగా వంపు తిరిగి, రబ్బరు తొడుక్కుని ఉంటుంది. పాత బైండింగులు చదునైన గట్టి అడుగుకే తయారయ్యాయి. ఈ రెంటికీ జోడీ కుదరదు. కుదిరినట్టు కనిపించినా సరిగ్గా వదలదు. కాబట్టి చదునైన అడుగు ఉన్న బూటో, అడుగు మార్చుకోగలిగిన బూటో కొనాలి. లేదా అద్దె దుకాణంలో గ్రిప్‌వాక్ గుర్తు ఉన్న బైండింగ్ అడిగి తీసుకోవాలి. కొండలెక్కే టూరింగ్ బూట్లకు ఈ జాగ్రత్త రెట్టింపు. కొడగుకు చెందిన తెక్కడ భవాని లాంటివాళ్లు పోటీపడే క్రాస్‌కంట్రీ స్కీయింగ్ సామాను అయితే పూర్తిగా వేరే జాతి. అక్కడ మడమ స్వేచ్ఛగా లేస్తుంది, బూటు మెత్తగా ఉంటుంది, ఈ లెక్కలేవీ దానికి పనికిరావు.

స్కీ విషయానికి వస్తే, సరదా స్కీయర్‌కు దాని గురించి తెలియాల్సింది దుకాణాలు చెప్పేదాంట్లో పావు వంతే. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ నడుము బాగా సన్నగా, కొసలు వెడల్పుగా ఉన్న స్కీని మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు పెద్దవాళ్లు దాదాపు రెండు మీటర్ల పొడవున్న, ఇంచుమించు తిన్నటి స్కీలు వాడేవారు. డమరుకాన్ని సాగదీసినట్టుండే కొత్త ఆకారాన్ని ఒక పక్కకు ఒరగనిస్తే చాలు, అంచు వంపే మలుపు గీస్తుంది. ఆ వంపు ఎంత పెద్ద వృత్తంలో భాగమో స్కీ మీద మీటర్లలో రాసి ఉంటుంది. 12 నుంచి 16 మధ్య ఉంటే చిన్న మలుపులు సులువుగా వస్తాయి. పొడవు కొత్తవాళ్లకు గడ్డం వరకు, కొంత వచ్చినవాళ్లకు ముక్కు వరకు. ఒంటి బరువు ఎక్కువైతే కాస్త పొడవు, తక్కువైతే కాస్త పొట్టి.

నడుము వెడల్పు దగ్గర గుల్‌మార్గ్ తిరకాసు పెడుతుంది. అక్కడి పేరుప్రతిష్ఠలన్నీ అఫర్వత్ కొండ మీది మెత్తటి మంచువి. ఆ మంచుకు 100 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు స్కీలు కావాలి, అవి మునగకుండా తేలతాయి. ఇది చదివి వెళ్లిన కొత్తవాడు కౌంటర్‌లో వెడల్పువే అడుగుతాడు. వాడు ఆ వారమంతా తిరిగేది మాత్రం కింది మైదానం దగ్గరి చదును చేసిన వాలులో. అక్కడ వెడల్పు స్కీని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఒరిగించడం బరువు పని. 70 నుంచి 85 మధ్య నడుము ఉన్నది అడిగితే మలుపు వేగంగా అబ్బుతుంది. గొండోలా రెండో దశ ఎక్కి సుమారు 3,950 మీటర్ల ఎత్తు నుంచి దిగే రోజు వస్తే వెడల్పువి అద్దెకు మార్చుకోవచ్చు. అద్దె గొప్పతనం అక్కడే ఉంది.

ఆ రోజు మాత్రం సామాను జాబితా కూడా మారుతుంది. అఫర్వత్ వాలుల్లో హిమపాతాలు కూలతాయి, 2023 ఫిబ్రవరిలో అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మంచు కింద మనిషిని వెతికే ట్రాన్సీవర్, పొడిచి చూసే పొడవాటి కడ్డీ, పార, వీటిని వాడటం వచ్చిన గైడు, ఇవన్నీ లేకుండా చదును చేయని వాలులోకి వెళ్లకూడదు. పది రోజుల అనుభవం ఉన్నవాళ్లకు ఇవన్నీ ఉన్నా అక్కడ పని లేదు.

అద్దె స్కీ చేతికి తీసుకోగానే చేయాల్సిన పరీక్ష అరనిమిషం పడుతుంది. బొటనవేలి గోటిని ఉక్కు అంచు మీద అడ్డంగా తేలిగ్గా రాయాలి. గోటి నుంచి సన్నటి పొడి రాలితే అంచుకు పదును ఉన్నట్టు. జారిపోతే అది మొద్దుబారినట్టు, గట్టి మంచు మీద బ్రేకులు లేని సైకిలు అన్నమాట. అంచు పొడవునా తుప్పు, గరుకు ముళ్లు ఉంటే ఆకురాయి పట్టమని అడగాలి. తిప్పి అడుగు భాగం చూస్తే నల్లగా నిగనిగలాడాలి. తెల్లగా పొడిబారి కనిపిస్తే మైనం పట్టించి చాలా కాలమైందని అర్థం. అలాంటి స్కీ వాలు తక్కువగా ఉన్నచోట ఆగి ఆగి కదులుతుంది. బాగున్న దుకాణాలు ఇలా అడిగేవాళ్లను చూసి విసుక్కోవు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ తండ్రిది గుల్‌మార్గ్‌లో స్కీ సామాను దుకాణమే. ఆ ఊళ్లో ఈ వ్యాపారం తెలిసినవాళ్లు తరాలుగా ఉన్నారు. తొందర లేని వేళ, అంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లి తీసుకుంటే వాళ్ల జ్ఞానం మనకు దక్కుతుంది. పొద్దున తొమ్మిదింటి రద్దీలో దక్కదు.

పోల్స్‌కు పెద్ద శాస్త్రం లేదు. తలకిందులుగా పట్టుకుని, కొస దగ్గరి చక్రం కింద పిడికిలి పెట్టినప్పుడు మోచెయ్యి తొంభై డిగ్రీల్లో ఉంటే పొడవు సరి. పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చి, పిడినీ పట్టీనీ కలిపి పట్టుకోవాలి. చెట్ల మధ్య మాత్రం పట్టీ తీసేయాలి.

సొంతానికి కొనాల్సిన మిగతావి బెంగళూరులోనే దొరుకుతాయి. 2009లో సర్జాపుర రోడ్డు మీద దేశంలో తొలి దుకాణం తెరిచిన డెకాథ్లాన్ లాంటి చోట్ల చేతి తొడుగులు, గాగుల్స్, థర్మల్స్ తొడిగి చూసి కొనవచ్చు. గాగుల్స్ మీద సున్నా నుంచి నాలుగు వరకు ఒక అంకె ఉంటుంది. మూడు అంటే కళ్లకు చేరే వెలుగు 8 నుంచి 18 శాతం, ఎండ రోజుకు సరిపోతుంది. ఒకటి అంటే 43 నుంచి 80 శాతం, మబ్బు రోజుకు. మంచు కురిసే రోజున మూడో రకం పెట్టుకుంటే ముందున్న గుంత కూడా కనిపించదు, ఎండలో ఒకటో రకం పెట్టుకుంటే సాయంత్రానికి కళ్లు మండుతాయి. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం వరకు తిప్పి మొహం మీదికే కొడుతుంది. రెండు అద్దాలు మార్చుకునే వీలున్నది కొంటే తగువు తీరుతుంది. కంప్యూటర్ ముందు బతికే ఊరు కాబట్టి కళ్లద్దాల మీద పట్టే వెడల్పు మోడల్ అడగడం మరవకూడదు. విశ్రాంతి తీసుకునేటప్పుడు గాగుల్స్‌ను నుదుటి మీదికి నెడితే చెమట ఆవిరి లోపల పడుతుంది, ఇక రోజంతా మసకే.

హెల్మెట్ విషయంలో స్కూటర్ హెల్మెట్ సరిపోతుందా అని అడిగేవాళ్లు ఉంటారు. సరిపోదు. స్కీ హెల్మెట్‌కు ఈఎన్ 1077 గానీ ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ ముద్ర ఉండాలి. బరువు తక్కువ, చెవుల దగ్గర మెత్తన, గాగుల్స్‌కూ నుదుటికీ మధ్య ఖాళీ ఉండకూడదు. గట్టి దెబ్బ ఒక్కటి తగిలినా, పైకి పగులు కనిపించకపోయినా దాన్ని మార్చేయాలి. అద్దె హెల్మెట్ ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఇది కూడా సొంతం జాబితాలోకే వస్తుంది.

చేతి తొడుగుల్లో నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి వెచ్చన. విడివిడి వేళ్లవి బకిళ్లు పెట్టుకోవడానికి వీలు. పిల్లలకు మొదటి రకమే మేలు. కొన్నవి నిజంగా ఆగుతాయో లేదో చూడాలంటే జయమహల్ దగ్గరి స్నో సిటీలో సున్నాకు కింద ఉన్న గదిలో ఒక గంట ఆడుకుని రావచ్చు. అక్కడ స్కీయింగ్ రాదు కానీ తొడుగుల గుట్టు బయటపడుతుంది.

బట్టల గురించి ఒకటే మాట. వేసవిలో మనల్ని కాపాడే నూలు మంచులో శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు, వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టు మీద కూర్చోగానే వీపు గడ్డకట్టిస్తుంది. లోపల ఉన్ని గానీ సింథటిక్ గానీ, మధ్యలో వెచ్చటిది ఒకటి, పైన నీరు లోనికి రానివ్వని పలుచటి జాకెట్. మధ్య పొరను విప్పి సంచిలో పెట్టుకునే వీలు ఉండాలి. మందమైన ఒకే జాకెట్‌కు ఆ వీలు ఉండదు.

గుల్‌మార్గ్ హోటల్ గదిలో సాయంత్రం లైనర్లు బయటికి లాగి, బుఖారీ పొయ్యికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టాలి. దగ్గర పెడితే కమిలిపోతాయి. బూట్లను రాత్రంతా చలి వరండాలో వదిలితే పొద్దున షెల్ తెరుచుకోదు, తొడగడానికే పావుగంట కుస్తీ.

తిరిగి బెంగళూరు వచ్చాక మిగిలిన మూడువందల అరవై రోజులు బూట్లు అటక మీదే ఉంటాయి. ఎక్కువ బూట్ల షెల్ పాలియురేథేన్‌తో చేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమకు ఆ ప్లాస్టిక్ లోలోపల పెళుసుబారుతుంది. పదేళ్లు దాటిన బూటు వాడకపోయినా ఒకనాడు కాలి కింద పగలవచ్చు. లైనర్లు పూర్తిగా ఆరాక తిరిగి పెట్టి, ఆకారం పోకుండా బకిళ్లు వదులుగా తగిలించి, నల్ల ప్లాస్టిక్ సంచిలో కాకుండా గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టాలి. సొంత స్కీలు ఉన్నవాళ్లు అంచులు తుడిచి, అడుగునా అంచుల మీదా మందంగా మైనం పూసి, గీకకుండా అలాగే వదిలేయాలి. జూన్‌లో వానలు పట్టుకున్నాక ఒక ఆదివారం సంచి దింపి, లైనర్‌లో చెయ్యి పెట్టి చూడాలి. బూజు వాసన వస్తే ఎండ కోసం మేడ మీదికి తీసుకెళ్లాలి, ఎండ దొరికితే.